కేపీహెచ్‌బీలో నాలుగు ఆదివారాలు: అద్దె కోసం ఫ్లాట్ కొనాలా, వద్దా?

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో గోడలు చదువుకుంటూ నడిస్తే చాలు, హైదరాబాద్ గురించి సగం తెలిసిపోతుంది. 'టు-లెట్, డబుల్ బెడ్‌రూమ్, ఫ్యామిలీస్ ఓన్లీ'. దాని పక్కనే 'సింగిల్ రూమ్, బ్యాచిలర్స్‌కి ఇవ్వబడును'. కొంచెం ముందుకెళ్తే 'లేడీస్ హాస్టల్, టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఆంధ్రా భోజనం'. కరెంటు స్తంభాన్నీ వదలరు, వేప చెట్టునీ వదలరు. గూగుల్ మ్యాప్‌లో లేని అడ్రస్ కూడా ఇక్కడ ఏదో ఒక బోర్డు మీద దొరుకుతుంది.

అప్పటి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఆదాయాన్ని బట్టి ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని విడగొట్టి కట్టిన కాలనీ ఇది. అందుకే ఇక్కడ రోడ్లకు పేర్ల కంటే నంబర్లు ఎక్కువ, ఏరియాలకు ఊళ్ళ పేర్ల బదులు 'ఫేజ్'లు. అప్పటి చిన్న చిన్న ఇళ్ళు ఇప్పుడు వెతికితే తప్ప కనిపించవు. అదే స్థలంలో మూడంతస్తులు, నాలుగంతస్తులు, ఆపైన ఒక పెంట్‌హౌస్ లేచాయి. 2007లో కూకట్‌పల్లి మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసింది. 2017 నవంబర్‌లో మియాపూర్ నుంచి అమీర్‌పేట మెట్రో వచ్చింది. 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ తెరిచాక హైటెక్ సిటీ ఇంకా దగ్గరైంది. దారి పడిన ప్రతిసారీ బోర్డు మీద అద్దె మారింది.

ఈ కాలనీలో ఆరేళ్ళుగా అద్దెకు ఉంటున్నాను. మూడు ఇళ్ళు మారాను. అయితే ఈసారి ఇక్కడ తిరిగింది ఇల్లు అద్దెకు కావాలని కాదు. తెనాలిలో టీచర్‌గా చేసి మొన్నీమధ్య రిటైరైన నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, చేతికొచ్చిన డబ్బు బ్యాంకులో ఊరికే పడుంది. మీ కాలనీలో ఒక ఫ్లాట్ కొని అద్దెకిస్తే నెల నెలా వస్తుంది కదా, చూడు" అన్నారు. ఆ డబ్బు ముప్పై మూడేళ్ళ సర్వీసు. మళ్ళీ రాదు. అందుకే నాలుగు ఆదివారాలు కేటాయించుకుని, ఈసారి కాలనీని ఓనర్ కళ్ళతో చూశాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫోన్ వచ్చి ఉంటే, లేదా మీ జీతంతోనే రెండో ఫ్లాట్ కొందామని ఆలోచిస్తుంటే ఇది మీకు పనికొస్తుంది.

ఆంటీ నోట్‌బుక్

మొదటి ఆదివారం వెళ్ళింది నేను ఒకప్పుడు ఉన్న ఇంటికే. కింద ఓనర్ ఆంటీ ఉంటారు, పైన ఆరు పోర్షన్లు. వాళ్ళాయన పేరు మీద వచ్చిన బోర్డు ఇంటిని పడగొట్టి, అప్పు చేసి, ఒక్కో అంతస్తూ కట్టుకుంటూ వచ్చారు. ఆయన పోయాక ఆంటీకి ఆ అద్దెలే పింఛను.

ఆవిడ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఒక్కో పోర్షన్‌కి ఒక్కో పేజీ. ఎప్పుడు చేరారు, అడ్వాన్స్ ఎంత, ఆ రోజు మీటర్ రీడింగ్ ఎంత, ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని ట్యూబ్‌లైట్లు, ఏ కుళాయి ఎప్పుడు మార్చారు. మేం ఆఫీసులో ఇన్ని టూల్స్ పెట్టుకుని చేసే పనిని ఆవిడ రీఫిల్ పెన్నుతో చేస్తున్నారు.

"మీ అద్దెలు పక్కింటి కంటే తక్కువే ఉంటాయి కదా ఆంటీ, ఎందుకు?" అని అడిగాను.

"బాబూ, పక్కింటాయన పద్నాలుగున్నర వేలు అంటాడు. నేను పద్నాలుగు అంటాను. ఆయనది ఏడాదికోసారి ఖాళీ అవుతుంది. నాది మూడేళ్ళు కదలదు. ఎవరికి లాభమో నువ్వే లెక్కేసుకో. ఇంజినీరువి కదా" అన్నారు.

లెక్కేశాను. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 14,000. నెలకు 500 తగ్గించి ఇస్తే అంత డబ్బు పోవడానికి 28 నెలలు పడుతుంది. పైగా మనిషి మారినప్పుడల్లా సున్నం, చిన్న రిపేర్లు, బ్రోకర్ ఉంటే కమీషన్. చిన్న ఓనర్‌కి అసలు శత్రువు తక్కువ అద్దె కాదు, ఖాళీ నెల. నాకు ఈ నాలుగు వారాల్లో దొరికిన మొదటి పాఠం ఇదే.

2020 గురించి కూడా చెప్పారావిడ. లాక్‌డౌన్ వచ్చి, ఆఫీసులన్నీ ఇంటి నుంచే పని అన్నాక, ఆరు పోర్షన్లలో నాలుగు ఖాళీ అయ్యాయట. పైఅంతస్తు అప్పుకు కిస్తీ మాత్రం ఆగలేదు. సామాను వదిలి ఊరెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళకు సగం అద్దే పంపమన్నారు. "మొత్తం అడిగితే సామాను తీసుకుపోతారు. సగం అడిగితే తిరిగొస్తారు" అని ఆవిడ లెక్క. వాళ్ళిద్దరూ తిరిగొచ్చారు. ఒకతను పెళ్ళి చేసుకుని ఇప్పుడు అదే ఇంట్లో పెద్ద పోర్షన్‌లో ఉన్నాడు.

ఆవిడకు ఆరు పోర్షన్లు కాబట్టి నాలుగు పోయినా రెండు నిలబడ్డాయి. నాన్న కొనాలనుకునేది ఒక్క ఫ్లాట్. ఒకటే ఉన్నప్పుడు, అది ఖాళీ అయితే ఆదాయం తగ్గదు, సున్నా అవుతుంది.

వాచ్‌మన్‌కి తెలియని రహస్యం లేదు

రెండో ఆదివారం అమ్మకానికి ఉన్న ఫ్లాట్లు చూశాను. బ్రోకర్ ఒకాయన పదకొండింటికి రమ్మన్నారు. నేను ఏడింటికే వెళ్ళి వాచ్‌మన్‌తో టీ తాగాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం, పదేళ్ళుగా అదే అపార్ట్‌మెంట్.

"మూడొందల రెండా సార్? ఏడాదిన్నరలో ముగ్గురు మారారు" అన్నాడు. "ఎందుకు?" అంటే పైకి చూపించాడు. పై ఫ్లాట్ బాత్‌రూమ్ నీళ్ళు కింద సీలింగ్‌లోకి దిగుతాయట. పై ఓనర్ అమెరికాలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. పదకొండింటికి బ్రోకర్ వచ్చి తలుపు తీస్తే సీలింగ్ తళతళా మెరుస్తోంది. కొత్త పెయింట్ వాసన ఇంకా పోలేదు.

అప్పటి నుంచి నాకు నేనే ఒక రూల్ పెట్టుకున్నాను. ఏ ఫ్లాటైనా మూడుసార్లు చూడాలి. పొద్దున ఏడింటికి, నీళ్ళ కోసం. రాత్రి తొమ్మిదింటికి, పార్కింగ్ కోసం. వాన పడ్డ మర్నాడు, గోడల కోసం. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎలా ఉంటుందో, ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తారో, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందో విడిగా వేస్తారో అడగాలి. మంజీరా కనెక్షన్ ఉంటే దానికి మీటర్ పెట్టారా, నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటికి ఆధార్ లింక్ చేశారా అన్నది కూడా.

ఇవన్నీ అద్దెకు వచ్చేవాడు చూసుకోవాల్సినవి కదా అనిపిస్తుంది. కానీ అద్దెకు వచ్చేవాడు నచ్చకపోతే నెల నోటీసు ఇచ్చి వెళ్ళిపోతాడు. ఓనర్ వెళ్ళలేడు.

కాగితాల సంగతి సరేసరి. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, ఆమోదించిన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అసోసియేషన్ బాకీలు లేవన్న లెటర్, ఆస్తి పన్ను రసీదులు. పాత అపార్ట్‌మెంట్‌లో ఇంకొకటి ముఖ్యం. మీ ఫ్లాటుకు వచ్చే స్థలం వాటా ఎన్ని గజాలో చూడండి. పాతికేళ్ళు దాటిన బిల్డింగ్‌లో గోడలకు పెద్దగా విలువ మిగలదు, కింద ఉన్న ఆ గజాలకే ఉంటుంది. నేను చూసిన వాటిలో ఒక ఓపెన్ పెంట్‌హౌస్ కూడా ఉంది, ధర చూస్తే ఆశ పుడుతుంది. ప్లాన్‌లో మాత్రం ఆ అంతస్తే లేదు. దండం పెట్టి కిందికి దిగాను.

ఫ్లాట్ ఎవరి కోసం పని చేస్తోంది?

మూడో ఆదివారం మా టీమ్‌లో పనిచేసే ఒక సీనియర్ ఇంటికి వెళ్ళాను. జేఎన్టీయూ దగ్గర ఆయన ఒక ఫ్లాట్ పెట్టుబడిగా కొన్నాడు. 50 లక్షల లోన్, ఇరవై ఏళ్ళు, ఎనిమిదిన్నర శాతం. నెలకు కిస్తీ 43 వేల పైచిలుకు. అద్దె వచ్చేది 21 వేలు. మిగతా 22 వేలు ప్రతినెలా జీతంలోంచి.

"అద్దెతో ఈఎంఐ కట్టేయొచ్చని అందరూ అన్నారు బ్రో. సగమే కడుతోంది" అని నవ్వాడు.

ఆయన్ని ఇంకా నొప్పించిన విషయం పన్ను. లోన్ వడ్డీ అద్దె కంటే ఎక్కువైతే వచ్చే నష్టాన్ని పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వెసులుబాటు లేదు. అద్దె మీద మటుకు రెండింటిలోనూ ఒక మేలుంది. కట్టిన ఆస్తి పన్ను తీసేశాక మిగిలిన దాంట్లో 30 శాతం, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, రిపేర్ల కింద తగ్గించి మిగతాదానికే పన్ను లెక్కేస్తారు.

అద్దె ఆదాయాన్ని చూపించకుండా ఉంటే పోలా అనుకునే ఓనర్లు ఇంకా ఉన్నారు. 'క్యాష్ ఇచ్చెయ్ బాబూ' అంటారు. అద్దెకుండేవాడు ఉద్యోగి అయితే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు హెచ్ఆర్ఏ కోసం ఓనర్ పాన్ నంబర్ ఆఫీసులో ఇవ్వాల్సిందే. అక్కడ అద్దె రికార్డు అయిపోతుంది. దాచేకంటే చూపించి, ఆ 30 శాతం తీసుకోవడమే నయం.

నాన్న ముందు పెట్టిన లెక్క

నాకు నచ్చిన ఫ్లాట్ ఒకటి దొరికింది. మెట్రో స్టేషన్‌కి నడిచేంత దూరం, రెండో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్, పాతదే కానీ గట్టిది. 48 లక్షలు చెప్పారు. అద్దె 18,000 వస్తుంది. నాన్న సంతోషంగా, "అంటే ఏడాదికి రెండు లక్షల పదహారు వేలు!" అన్నారు. ఆ రాత్రి షీట్ వేసి వాట్సాప్‌లో పంపాను.

తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం. 48 లక్షల మీద 3 లక్షల 60 వేలు. పెయింటు, ప్లంబింగ్, చిల్లర ఖర్చులు 90 వేలు. మొత్తం 52 లక్షల 50 వేలు.

ఇక రాబడి. ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుంటే 11 నెలల అద్దె 1,98,000. ఆస్తి పన్ను 4,000. ఖాళీ నెల మెయింటెనెన్స్ మనమే కట్టాలి, 2,500. గీజర్లు, మోటార్లు, నాలుగేళ్ళకోసారి రంగులు, అన్నిటికీ కలిపి ఏడాదికి 18,000 పక్కన పెట్టాలి. చేతిలో మిగిలేది 1,73,500. పెట్టినదాని మీద 3.3 శాతం.

దాని కింద ఇంకో లైను రాశాను. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్, గరిష్ఠంగా 30 లక్షలు, వడ్డీ 8.2 శాతం. ఏడాదికి 2,46,000, మూడు నెలలకోసారి 61,500 చొప్పున అకౌంట్‌లో పడుతుంది. 52 లక్షల ఫ్లాట్ ఇచ్చేదానికంటే 30 లక్షల పాస్‌బుక్ ఎక్కువ ఇస్తోంది. కుళాయి కారిందని ఎవరూ ఫోన్ చేయరు.

ఫ్లాట్‌కి అన్యాయం చేయకూడదు కాబట్టి దాని తరఫు వాదన కూడా రాశాను. అద్దె ఏటా పెరుగుతుంది, ఆ వడ్డీ పెరగదు. పైగా వడ్డీ అంతా పన్నులోకి వస్తుంది, అద్దెకు 30 శాతం తగ్గింపు ఉంది. స్కీమ్ గడువు ఐదేళ్ళు, ఆ తర్వాత ఎంత వడ్డీ ఉంటుందో అప్పటి మాట. స్థలం ధర పెరిగితే ఫ్లాట్ ధరా పెరగొచ్చు. నిజమే. కానీ ఆ పెరుగుదల కావాలంటే ఫ్లాట్ అమ్మాలి. నాన్నకు కావలసింది నెల నెలా ఖర్చులకు డబ్బు. అరవై దాటినవాళ్ళకు రేపెప్పుడో ఆసుపత్రి ఖర్చు వస్తే, ఫ్లాట్‌లో ఒక్క బెడ్‌రూమ్ విడిగా అమ్ముకోలేం.

నాన్న చాలాసేపటి తర్వాత ఫోన్ చేశారు. "ఇంత తక్కువైతే ఆ ఓనర్లంతా ఎందుకు కొన్నట్టురా?"

"కొంతమంది పాతికేళ్ళ కిందటి ధరకు కొన్నారు నాన్నా. కొంతమంది ధర పెరుగుతుందని కొన్నారు. కొంతమంది లెక్క వేయలేదు" అన్నాను.

"మరి నువ్వు?"

"48 లక్షల ఇంట్లో 18 వేలకు ఉండేవాణ్ణి. ఈ బేరంలో లాభం నాదే."

అగ్రిమెంట్ అంటే వంద రూపాయల కాగితం కాదు

నాలుగో ఆదివారం మళ్ళీ ఆంటీ ఇంటికే వెళ్ళాను. అప్పటికి నాన్న ప్లాన్ మారింది. 30 లక్షలు పోస్టాఫీసులో వేసి, మిగతాదాంట్లో కొంత పెట్టి తెనాలిలో మా ఇంటి మీదే ఒక పోర్షన్ వేద్దామంటున్నారు. స్థలం కొనక్కర్లేదు కాబట్టి లెక్క వేరు. దాదాపు 14 లక్షలకు చిన్న పోర్షన్ లేస్తుంది, ఏడు వేల అద్దె వచ్చినా ఏడాదికి 84,000, ఖర్చులకు ముందు 6 శాతం. మేడ మీద కాబట్టి అమ్మానాన్నలకు తోడు కూడా. అందుకే ఈసారి ఆంటీని అడిగింది, ఓనర్ అంటే రోజూ ఏం చేయాలో.

ఆవిడ చెప్పినవి, నేను చదివి సరిచూసుకున్నవి కలిపి నాన్నకు పంపిన మెసేజ్ ఇది.

ఒకటి, కట్టేటప్పుడే పోర్షన్‌కి విడిగా కరెంటు మీటర్ పెట్టించాలి. ఒకే మీటరుంటే యూనిట్లు కలిసిపోయి స్లాబు మారుతుంది, బిల్లు వచ్చిన ప్రతిసారీ గొడవ. ఇక్కడ తెలంగాణలో 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు అర్హత ఉన్న అద్దెవాళ్ళకూ వర్తిస్తుంది. విడి మీటర్ లేకపోతే వాళ్ళకూ చిక్కే.

రెండు, అద్దె అగ్రిమెంట్ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుకుని రాయాలి. ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న కేంద్ర చట్టం లెక్కతో వచ్చిన అలవాటు అది. ఏపీ, తెలంగాణల్లో మాత్రం రాష్ట్ర సవరణ ప్రకారం ఎన్ని నెలల లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. దాంట్లో అద్దె ఏ తేదీకి, ఏటా ఎంత శాతం పెంచుతాం, నోటీసు ఎన్నాళ్ళు, రంగుల ఖర్చు ఎవరిది, ఇవన్నీ స్పష్టంగా ఉండాలి. నోటీసు గురించి ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు చట్టం చెప్పేది 15 రోజులే.

మూడు, అడ్వాన్స్ రెండు నెలలు చాలు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్ళకు రెండు నెలలకు మించొద్దనే అంటోంది. అది నమూనాయే, రాష్ట్రాలు తమ చట్టాలు చేసుకోవాలి. అయినా పద్ధతిగా మంచిదే. ఆ డబ్బు ఖర్చు పెట్టకుండా విడి అకౌంట్‌లో ఉంచాలి. తాళాలు ఇచ్చిన రోజు, తీసుకున్న రోజు ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకుంటే మేకుల కన్నాల మీద పంచాయితీ ఉండదు.

నాలుగు, ఆధార్ కాపీ, ఆఫీసు ఐడీ తీసుకోవాలి. పోలీస్ వెరిఫికేషన్‌కి ఇవ్వాలి. ఆ తర్వాత వాళ్ళింట్లోకి చెప్పకుండా వెళ్ళకూడదు. ఇల్లు మనదే, అద్దె తీసుకున్నంత కాలం గడప వాళ్ళది.

ఈ చివరి మాట ఆంటీది. నేను మూడిళ్ళు మారడంలో ఒక ఇల్లు మారడానికి కారణం, ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టి వంటింట్లోకి తొంగిచూసే ఓనరే.

ఇంకొక పాయింట్ టైప్ చేసి చాలాసేపు పంపలేదు. ఈ కాలనీలో ఇల్లు వెతికిన ఎవరికైనా ఆ ప్రశ్న తెలుసు. అద్దె, అడ్వాన్స్ మాట్లాడాక, గొంతు కాస్త తగ్గించి, "మీరేమిట్లు?" అంటారు. మా టీమ్‌లో ఒకమ్మాయికి రెండు వారాల్లో నాలుగు ఇళ్ళు 'నిన్ననే ఇచ్చేశామమ్మా' అయిపోయాయి. బోర్డులు మాత్రం గేటుకే ఉన్నాయి. ఆ అమ్మాయి జీతం నాకంటే ఎక్కువ, అద్దె ఒక్కరోజు ఆలస్యం చేసే మనిషి కాదు. ఆ నాలుగిళ్ళలో ఒకటి రెండు నెలల పాటు ఖాళీగానే ఉంది. మనిషిని మనిషిగా చూడకపోవడం ఎంత తప్పో వేరే చెప్పాలా? కనీసం ఖాళీ నెలల లెక్కకైనా అది సరిపోదు.

చివరికి పంపాను: "ఐదు, ఎవరైనా ఇల్లు అడిగితే ఉద్యోగం అడుగుదాం, అద్దె ఎప్పుడిస్తారో అడుగుదాం. ఏమిట్లు అని అడగొద్దు నాన్నా."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడట, మెట్లు బయట నుంచి వేయమన్నారట, మీటర్ సంగతి కరెంటాఫీసులో కనుక్కోమన్నారట. అన్నీ చెప్పాక, "ఆ ఐదో పాయింటు గురించి మీ నాన్న రాత్రంతా నాతో వాదించాడురా" అంది.

"ఎవరు గెలిచారు?"

"ఇంకా పిల్లర్లే లేవలేదుగా, చూద్దాం" అంది. వాదనలో ఆవిడ ఏ పక్షమో చెప్పలేదు. పండక్కి ఊరెళ్ళినప్పుడు అడగాలి.